0.1 మోలార్ సోడియం అసిటేట్, వంట సోడా: వీటిలో ఏ ద్రావణం ఎక్కువ క్షారం?

జయనగర విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను రెండో సంవత్సరం పీయూసీ చదువుతున్నాను. పోయిన ఆదివారం మా కోచింగ్ కేంద్రంలో పెట్టిన నమూనా పరీక్షలో లవణాల జలవిశ్లేషణ (లవణం నీటితో చర్య జరపడం) పాఠం నుంచి ఒక ప్రశ్న వచ్చింది. అమ్మోనియం క్లోరైడ్, పొటాషియం నైట్రేట్, సోడియం అసిటేట్, సోడియం బైకార్బనేట్, సోడియం కార్బనేట్ అనే ఐదు లవణాల 0.1 మోలార్ ద్రావణాలను పీహెచ్ (ఏడుకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) పెరిగే క్రమంలో అమర్చమన్నారు. నేను బైకార్బనేట్‌ను మూడో స్థానంలోనూ, అసిటేట్‌ను నాలుగో స్థానంలోనూ పెట్టాను. వాళ్ళిచ్చిన జవాబులో ఆ రెండూ తారుమారుగా ఉన్నాయి. మిగిలిన మూడింటి విషయంలో తేడా లేదు.

నిజం చెప్పాలంటే నేను లెక్క కట్టి రాయలేదు. వంట సోడా, అంటే సోడియం బైకార్బనేట్, పీహెచ్ 8.3 అనీ, సోడియం అసిటేట్ పీహెచ్ 8.9 అనీ ఎక్కడో చదివిన గుర్తుతో రాశాను. మా సార్‌ను అడిగితే, కార్బోనిక్ ఆమ్లం అసిటిక్ ఆమ్లం కంటే బలహీనమనీ, ఆమ్లం ఎంత బలహీనమైతే దాని లవణం అంత క్షారమనీ, ఇందులో అనుమానానికి తావే లేదనీ చెప్పారు. ఆ మాట కూడా నాకు సబబుగానే తోస్తోంది. మరి నా గుర్తు తప్పా, ఆ సూత్రం తప్పా అన్నది తెలిసినవారు వివరించగలరు.

యలహంక ఇంజనీరు

తమ్ముడూ, నేను ఎంసెట్ రాసి పదిహేనేళ్ళు దాటింది కానీ ఈ పాఠం మాత్రం మరిచిపోలేదు. మీ సార్ చెప్పిందే సరైనది. లెక్క కట్టి చూపిస్తాను. ఆమ్లబలాన్ని చెప్పే కేఏ విలువ అసిటిక్ ఆమ్లానికి 1.8 × 10⁻⁵. నీటి అయానిక లబ్ధం 1.0 × 10⁻¹⁴ను దానితో భాగిస్తే అసిటేట్ అయాన్ కేబీ విలువ, అంటే దాని క్షారబలం, 5.6 × 10⁻¹⁰ వస్తుంది. దాన్ని 0.1తో గుణించి వర్గమూలం తీస్తే హైడ్రాక్సైడ్ గాఢత 7.5 × 10⁻⁶, అంటే పీహెచ్ సుమారు 8.9. కార్బోనిక్ ఆమ్లం మొదటి కేఏ విలువ 4.5 × 10⁻⁷ కాబట్టి బైకార్బనేట్ అయాన్ కేబీ 2.2 × 10⁻⁸. ఇదే పద్ధతిలో పీహెచ్ 9.7 వస్తుంది. రెండింటికీ నడుమ దాదాపు ఒక యూనిట్ తేడా ఉంది. ఇంత స్పష్టంగా ఉన్న లెక్కను వదిలి, ఎక్కడో చదివిన అంకెను నమ్ముకోవడం పరీక్షలో ప్రమాదం.

వైట్‌ఫీల్డ్ విశ్లేషకురాలు

యలహంక అన్నగారూ, మీ మొదటి లెక్క సరిగ్గా ఉంది. రెండోదాన్ని మాత్రం ఒప్పుకోలేను. నేను ఒక ఔషధ పరిశ్రమలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను. అప్పుడే తయారు చేసిన సోడియం బైకార్బనేట్ ద్రావణంలో మీటరు పెట్టినప్పుడు 8.3 దగ్గరి అంకె కనిపించడం నాకు అలవాటైన విషయం. 9.7 కనిపిస్తే ఆ సీసాలోని పదార్థంలో కార్బనేట్ కలిసిందేమోనని ముందు అనుమానిస్తాను.

యలహంక ఇంజనీరు

మీ అనుభవాన్ని కాదనను. కానీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి ఆ ద్రావణం పీహెచ్‌ను కిందికి లాగుతూ ఉండవచ్చు కదా? లెక్కలోని ద్రావణానికి గాలి తగలదు, మీ బీకరుకు తగులుతుంది.

వైట్‌ఫీల్డ్ విశ్లేషకురాలు

బైకార్బనేట్ విషయంలో గాలి ప్రభావం మీరనుకున్న దిశకు ఎదురుగా ఉంటుందండీ. 0.1 మోలార్ ద్రావణంలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటి గాలితో సమతాస్థితికి కావలసినదానికంటే చాలా ఎక్కువ. అందుచేత మూత లేకుండా వదిలేస్తే ఆ వాయువు మెల్లగా బయటికి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది. వేడి చేస్తే ఇంకా త్వరగా పెరుగుతుంది. కాబట్టి గాలి వల్ల పొరపాటు వచ్చినా 8.3 కంటే పైకే పోవాలి గాని, 9.7 నుంచి 8.3కు దిగదు.

మల్లేశ్వరం మాస్టారు

ముప్పై రెండేళ్ళు డిగ్రీ కళాశాలలో భౌతిక రసాయనశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఈ ప్రశ్నలో పిల్లవాడి జవాబు సరైనది. వాళ్ళ సార్ చెప్పిన సూత్రం కూడా దాని చోటులో సరైనదే. ఆ సూత్రం జవాబు చెప్పే ప్రశ్న వేరు, పరీక్షలో అడిగిన ప్రశ్న వేరు. తగాదా అంతా అక్కడే ఉంది.

1923లో డెన్మార్కులో బ్రాన్‌స్టెడ్, ఇంగ్లండులో లౌరీ విడివిడిగా చెప్పిన నిర్వచనం ప్రకారం ప్రోటాన్‌ను (హైడ్రోజన్ అయాన్‌ను) ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం. ఆ దృష్టితో అసిటేట్, బైకార్బనేట్ అయాన్లలో ఏది బలమైన క్షారం అని అడిగితే, నిస్సందేహంగా బైకార్బనేటే. వంట సోడా మీద వెనిగర్ పోస్తే బుసబుస పొంగడం మీరందరూ చూసే ఉంటారు. అసిటిక్ ఆమ్లం దగ్గరున్న ప్రోటాన్‌ను బైకార్బనేట్ లాక్కుంది, మిగిలింది అసిటేట్ అని దాని అర్థం. ఇద్దరు పోటీ పడినప్పుడు ప్రోటాన్ ఎవరి చేతికి చిక్కిందో వారిదే పైచేయి. ఇంతవరకు కోచింగ్ సార్ మాటకు తిరుగులేదు.

ఇక పీహెచ్ సంగతికి వద్దాం. అసిటేట్ అయాన్‌కు నీటిలో ప్రోటాన్ కావాలంటే ఇచ్చేది నీరొక్కటే. నీటి అణువు ప్రోటాన్ ఇచ్చిన ప్రతిసారీ ఒక హైడ్రాక్సైడ్ అయాన్ మిగులుతుంది కాబట్టి, యలహంక వారు వేసిన లెక్క అక్షరాలా వర్తిస్తుంది. బైకార్బనేట్ పరిస్థితి అది కాదు. దాని ఒంటి మీద ఇంకా ఒక హైడ్రోజన్ ఉంది. అది పుచ్చుకోగలదు, ఇవ్వనూగలదు. అందువల్ల ఒక బైకార్బనేట్‌కు ప్రోటాన్ కావలసి వచ్చినప్పుడు నీటిని అడగడం కంటే పక్కనున్న మరో బైకార్బనేట్‌ను అడగడం సులువు. ఒకటి కార్బోనిక్ ఆమ్లం అవుతుంది, రెండోది కార్బనేట్ అవుతుంది, హైడ్రాక్సైడ్ మాత్రం పుట్టదు. ఈ చర్య స్థిరాంకం కార్బోనిక్ ఆమ్లం రెండో కేఏను, అంటే 4.7 × 10⁻¹¹ను, మొదటి కేఏతో భాగిస్తే వస్తుంది. అది సుమారు 10⁻⁴. వర్గమూలం తీసి చూస్తే, ద్రావణంలోని బైకార్బనేట్ అయాన్లలో నూటికి ఒకటి చొప్పున అటూ ఇటూ మారుతున్నాయన్నమాట. 0.1 మోలార్ ద్రావణంలో అది 10⁻³ మోలార్. అదే ద్రావణంలో హైడ్రాక్సైడ్ మాత్రం 2 × 10⁻⁶ మోలారే. ప్రోటాన్ల బేరసారాలు ఇంటిలోపలే ముగుస్తున్నాయి, నీటిదాకా వచ్చేది బహు స్వల్పం.

కాబట్టి ఇటువంటి ద్విస్వభావ అయాన్లకు వాడవలసిన సూత్రం వేరు. రెండు పీకేఏల సగటు తీయాలి. పీకేఏ అంటే కేఏనే సంవర్గమానంలో చెప్పే అంకె, అది తక్కువైన కొద్దీ ఆమ్లం బలమైనది. 6.35, 10.33 కలిపి సగం చేస్తే 8.34. ఇందులో గాఢత ప్రసక్తి లేదని గమనించండి. నా విద్యార్థులలో చాలామంది సూత్రాన్ని కంఠస్థం చేశారు గాని, అందులో గాఢత ఎందుకు లేదో అడిగినవారు తక్కువ.

యలహంక ఇంజనీరు

మాస్టారూ, పొరపాటు నాదే. బైకార్బనేట్‌ను అసిటేట్ లాగా కేవలం పుచ్చుకునే అయాన్‌గా భావించి లెక్క వేశాను. ఒక సందేహం మిగిలింది. ఇదే పద్ధతిలో సోడియం బైసల్ఫేట్‌కు సగటు తీయవచ్చా?

మల్లేశ్వరం మాస్టారు

తీయకూడదు. సల్ఫ్యూరిక్ ఆమ్లం మొదటి ప్రోటాన్‌ను నీటిలో దాదాపు పూర్తిగా వదిలేస్తుంది కాబట్టి, బైసల్ఫేట్ మళ్ళీ దాన్ని పుచ్చుకునే మాటే లేదు. అది ఇచ్చేదే గాని పుచ్చుకునేది కాదు. దాని కేఏ సుమారు 0.012. 0.1 మోలార్ ద్రావణం పీహెచ్ 1.5 ప్రాంతంలో ఉంటుంది. పేరుకు లవణమైనా అదే గాఢతలో ఉన్న అసిటిక్ ఆమ్లం కంటే, అంటే 2.9 కంటే, ఇది ఎక్కువ పుల్లన. ఫాస్ఫేట్లకు మాత్రం సగటు పద్ధతి చక్కగా కుదురుతుంది. డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ ఆమ్లం వైపు 4.7 దగ్గర, మోనోహైడ్రోజన్ ఫాస్ఫేట్ క్షారం వైపు 9.8 దగ్గర వస్తాయి. రెండింటిలోనూ హైడ్రోజన్ ఉన్నా, రెండూ సోడియం లవణాలే అయినా, ఒకటి ఇటు, ఒకటి అటు.

జయనగర విద్యార్థి

మాస్టారూ, చాలా కృతజ్ఞతలు. మీరు గాఢత ప్రసక్తి లేదని చెప్పాక నాకొక ఆలోచన వచ్చి లెక్క వేశాను, తప్పయితే సరిచేయండి. అసిటేట్ పీహెచ్ గాఢతతో మారుతుంది, బైకార్బనేట్‌ది మారదు. 0.1 మోలార్ దగ్గర అసిటేట్ 8.9, బైకార్బనేట్ 8.3. గాఢతను పది రెట్లు తగ్గిస్తే అసిటేట్ 8.4కు దిగుతుంది, బైకార్బనేట్ అక్కడే ఉంటుంది. ఇంకో పది రెట్లు తగ్గించి 0.001 మోలార్ చేస్తే అసిటేట్ 7.9 అవుతుంది, బైకార్బనేట్ మాత్రం 8.3 దగ్గరే నిలుస్తుంది. అంటే 0.01 మోలార్ దగ్గర రెండూ సమానమై, ఆ కిందికి వెళ్తే జవాబు పత్రంలోని క్రమమే నిజమవుతుంది కదా?

మల్లేశ్వరం మాస్టారు

అక్షరాలా అంతే, నాయనా. ఏ గాఢత దగ్గర అన్న మాట లేకుండా రెండు లవణాల ద్రావణాలను పోల్చడం అర్ధసత్యమే అవుతుంది. మీ ప్రశ్నలో 0.1 మోలార్ అని స్పష్టంగా ఉంది కాబట్టి నీ జవాబు నిలుస్తుంది. ఈ లెక్కను ఒక కాగితం మీద రాసి మీ సార్‌కు మర్యాదగా చూపించు. వాదనకు దిగవద్దు.

చిక్‌పేట పచారీ

పెద్దలకు నమస్కారం. మాది మూడు తరాలుగా చిక్‌పేటలో ఉన్న చిన్న పచారీ కొట్టు. నేను చదివింది పదో తరగతే, కాబట్టి మీ లెక్కలు పూర్తిగా అర్థం కాకపోయినా చర్చ ఆసక్తిగా ఉండి చదువుతున్నాను. మా కొట్టులో పటిక, మైలుతుత్తం, నవాసాగరం, సురేకారం, వంట సోడా, వెలిగారం, చాకలి సోడా అన్నీ ఉంటాయి. ఇవన్నీ లవణాలేనని మా అబ్బాయి అంటున్నాడు. వీటిని కూడా మీరు చెప్పినట్లు వరుసలో పెట్టగలమా? ఇంకొక సంగతి. వానాకాలంలో నవాసాగరం డబ్బా ఉన్న అర దగ్గర ముక్కు అదిరే వాసన వస్తోంది. సరుకు చెడిపోయిందా, లేక నాణ్యత లేనిదా అన్నది తెలియడం లేదు.

మల్లేశ్వరం మాస్టారు

మీ కొట్టే ఒక ప్రయోగశాల అయ్యా. సమాన గాఢతలో, 0.1 మోలార్ దగ్గర, ఆమ్లం నుంచి క్షారం వైపుగా మీరు చెప్పిన వరుసలోనే వస్తాయి. పటిక, అంటే అల్యూమినియం ఉన్న లవణం, మూడు, మూడున్నర నడుమ. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, నాలుగు ప్రాంతంలో. నవాసాగరం ఐదు. సురేకారం ఏడు. వంట సోడా 8.3. వెలిగారం 9.2. చాకలి సోడా, అంటే సోడియం కార్బనేట్, 11.6. ఆ వరుసలో కావాలనే చెప్పారో, నోటికి వచ్చినట్లు చెప్పారో గాని, నేను ఒక్కదాన్ని కూడా మార్చవలసిన పని పడలేదు.

నవాసాగరం అంటే అమ్మోనియం క్లోరైడ్. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు కాల్చిన గిన్నెలో దీన్ని దూదితో రుద్దడం పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వేడికి అది విడిపోయి వచ్చే ఆమ్ల వాయువే లోహం మీది మసిని, ఆక్సైడును తొలగించి తగరం అంటుకునేలా చేస్తుంది. సురేకారం అంటే పొటాషియం నైట్రేట్. బలమైన ఆమ్లానికీ బలమైన క్షారానికీ పుట్టిన బిడ్డ కాబట్టి ఎటూ మొగ్గదు.

వెలిగారం కథ నాకు ఇష్టమైనది. నీటిలో కరిగినప్పుడు అది బోరిక్ ఆమ్లంగానూ, దాని సంయుగ్మ క్షారంగానూ సమపాళ్ళలో విడిపోతుంది. ఆమ్లమూ దాని సంయుగ్మ క్షారమూ సమానంగా ఉంటే పీహెచ్ ఆ ఆమ్లం పీకేఏకు సమానం, అంటే 9.2. నీరు కొంచెం ఎక్కువ పోసినా పెద్దగా కదలదు. తనకు తానే బఫర్. అందుకే పీహెచ్ మీటర్లను సరిచూసే 9.18 ప్రామాణిక ద్రావణాన్ని 0.01 మోలార్ వెలిగారంతోనే చేస్తారు. పీహెచ్ కొలమానాన్ని కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ ప్రవేశపెట్టింది 1909లో. మా ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న భారతీయ విజ్ఞాన సంస్థ పుట్టింది కూడా ఆ ఏడాదే. ఆ గోడ పక్కన ఉదయపు నడకకు వెళ్ళినప్పుడల్లా నాకు ఈ రెండూ కలిసే గుర్తొస్తాయి. విషయానికి సంబంధం లేదు, క్షమించండి.

జయనగర విద్యార్థి

మాస్టారూ, పటిక, మైలుతుత్తం ఆమ్లాలు కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అమ్మోనియం అయాన్‌లో హైడ్రోజన్ ఉంది కాబట్టి ఇస్తుంది. అల్యూమినియం, కాపర్ అయాన్లలో ఇవ్వడానికి హైడ్రోజనే లేదు కదా. పాఠంలో బలహీన క్షారం నుంచి వచ్చిన లవణం కాబట్టి ఆమ్లం అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

మల్లేశ్వరం మాస్టారు

ఆ ఒక్క ముక్క మార్కులకు చాలు, అర్థం కావడానికి చాలదు. నీటిలో అల్యూమినియం అయాన్ ఒంటరిగా తిరగదు. ఆరు నీటి అణువులు దాన్ని చుట్టుకొని ఉంటాయి. మూడు ధనావేశాలు ఉన్న అంత చిన్న అయాన్ ఆ నీటి అణువుల ఆక్సిజన్ నుంచి ఎలక్ట్రాన్లను తన వైపు గుంజుకుంటుంది. దాంతో ఆ నీటిలోని హైడ్రోజన్ పట్టు సడలి ప్రోటాన్‌గా బయటికి జారుతుంది. ఇచ్చేది లోహం కాదు, లోహం చేతికి చిక్కిన నీరు.

ఇలా చూస్తే లోహాలను పోల్చడం సులువు. ఆవేశం ఎక్కువై, పరిమాణం తక్కువైన కొద్దీ ఆమ్లత్వం పెరుగుతుంది. సోడియంకు అది లేనట్లే. మెగ్నీషియంకు పీకేఏ 11.4, జింక్‌కు 9, అల్యూమినియంకు 5, ఫెర్రిక్ అయాన్‌కు 2.2. అసిటిక్ ఆమ్లం 4.76 అని గుర్తుంచుకుంటే, పటిక నీళ్ళు ఆమ్లత్వంలో ఇంచుమించు వెనిగర్ జాతికి చెందినవేనని తెలుస్తుంది. ఫెర్రిక్ లవణాలు ఇంకా ముందున్నాయి. వాటి ద్రావణాలు పసుపు గోధుమ రంగుకు తిరగడం కూడా ఈ జలవిశ్లేషణ వల్లనే.

కె.ఆర్.పురం అమ్మ

మా పాప పదో తరగతి చదువుతోంది. ఈ చర్చ చదివి నిన్న ఆదివారం ఇద్దరం ప్రయోగం చేశాం. మైలుతుత్తం విషమని విన్నాను కాబట్టి దాన్ని ఇంట్లోకి తేలేదు. మిగిలిన ఆరింటినీ ఒక్కొక్క చెంచా చొప్పున గ్లాసు నీళ్ళలో కలిపి, పసుపు పూసి ఆరబెట్టిన కాగితం ముక్కలు ముంచాం. చాకలి సోడాలో కాగితం పారాణిలా ఎర్రబడింది. వెలిగారంలోనూ ఎర్రబడింది. వంట సోడాలో కొద్దిగా గోధుమ ఛాయ వచ్చింది గాని ఎరుపు అనలేను. పటిక, నవాసాగరం, సురేకారం మూడింటిలోనూ పసుపు పసుపుగానే ఉండిపోయింది. తరువాత మందార రేకులు మరిగించిన నీళ్ళు కలిపితే పటిక ముదురు గులాబీ రంగుకు తిరిగింది, నవాసాగరం కొంచెం గులాబీ అయింది. విచిత్రమేమిటంటే సురేకారం గ్లాసు ఆకుపచ్చ వైపు తిరిగింది. మాస్టారు అది ఎటూ మొగ్గదన్నారు కదా, మరి ఇదెలా?

వైట్‌ఫీల్డ్ విశ్లేషకురాలు

అక్కా, మీరు వాడినవి బోరు నీళ్ళా, కావేరి నీళ్ళా?

కె.ఆర్.పురం అమ్మ

మాకు బోరు నీళ్ళేనమ్మా. బకెట్ల అంచున తెల్లని పొర పేరుకుంటుంది.

వైట్‌ఫీల్డ్ విశ్లేషకురాలు

అయితే దోషం సురేకారానిది కాదు, నీటిది. ఆ తెల్లని పొర కాల్షియం కార్బనేట్. మీ బోరు నీటిలోనే బైకార్బనేట్ కరిగి ఉంది కాబట్టి అది ముందే కొంచెం క్షారం వైపు ఉంది. సురేకారం దాన్ని ఎటూ కదపలేదు, అందుకే నీటి రంగే బయటపడింది. ఉత్త బోరు నీళ్ళలో మందార కషాయం వేసి చూడండి, అదే రంగు రావాలి.

స్వేదనజలంతో చేసినా ఇంకో చిక్కు ఉంది. గాలి తగిలిన స్వేదనజలంలో కార్బన్ డయాక్సైడ్ కరిగి పీహెచ్ 5.6 దాకా దిగుతుంది. మా దగ్గర కొత్తగా చేరినవారు ఉప్పు ద్రావణం 5.8 చూపించిందని మీటరును అనుమానిస్తారు. నీటిని కాసేపు మరిగించి, మూత పెట్టి చల్లార్చి వాడితే ఆ బాధ తగ్గుతుంది.

చెంచా కొలత గురించి కూడా చెప్పాలి. 100 మిల్లీలీటర్ల 0.1 మోలార్ ద్రావణానికి నవాసాగరం 0.54 గ్రాములు చాలు, పటిక మాత్రం 4.74 గ్రాములు కావాలి. వంట సోడా 0.84, సురేకారం 1.01, వెలిగారం 3.81 గ్రాములు. చెంచాతో కొలిస్తే వీటి గాఢతలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. చాకలి సోడా స్ఫటికాలు 2.86 గ్రాములు కావాలి గాని, అవి గాలికి నీటిని పోగొట్టుకొని తెల్లని పొడిగా మారుతూ ఉంటాయి కాబట్టి ఆ తూకాన్ని పూర్తిగా నమ్మలేం. పసుపు కాగితానికి ఇంత సూక్ష్మం అవసరం లేదు. పాప దీన్ని పాఠశాల ప్రదర్శనలో పెట్టాలనుకుంటే మాత్రం తూచడం మంచిది.

కె.ఆర్.పురం అమ్మ

మీరు చెప్పినట్లే ఉత్త బోరు నీళ్ళు కూడా ఆకుపచ్చ వైపే తిరిగాయి. పాపకు నవ్వు ఆగలేదు. ఇంకొక చిన్న పని కూడా చేశాం. వంట సోడా నీళ్ళను పది నిమిషాలు మరిగించి చల్లార్చి పసుపు కాగితం ముంచితే, ఇప్పుడు స్పష్టంగా ఎర్రబడింది.

యలహంక ఇంజనీరు

మరిగించినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పోయి కొంత బైకార్బనేట్ కార్బనేట్‌గా మారింది కాబట్టి అలా జరిగింది. విశ్లేషకురాలు ముందే చెప్పిన మాట పసుపు కాగితంతో రుజువైంది.

నా వంతుగా మరొక పాత నమ్మకాన్ని కూడా సరిచూసుకున్నాను. బలహీన ఆమ్లం, బలహీన క్షారం కలిసి చేసిన లవణం తటస్థమని మా రోజుల్లో ఒక పట్టికలో రాసుకొని బట్టీ పట్టాం. అమ్మోనియం అసిటేట్‌కు అది నిజమే, పీహెచ్ 7. కానీ అది కేవలం అసిటిక్ ఆమ్లం కేఏ, అమ్మోనియా కేబీ రెండూ 1.8 × 10⁻⁵ కావడం వల్ల జరిగిన కాకతాళీయం. అమ్మోనియం ఫ్లోరైడ్‌కు లెక్క కడితే 6.2 వస్తోంది, అమ్మోనియం ఫార్మేట్‌కు 6.5, అమ్మోనియం సయనైడ్‌కు 9.2. మూడూ బలహీనం, బలహీనం జతలే. ఒక్క ఉదాహరణను చూసి సూత్రం చేసేశామని ఇప్పుడు తెలిసింది. వీటి పీహెచ్ కూడా గాఢత మీద ఆధారపడదని గమనించాను. మాస్టారు బైకార్బనేట్ గురించి చెప్పిన కారణమే ఇక్కడా పనిచేస్తున్నట్లుంది. ఇచ్చే అయానూ పుచ్చుకునే అయానూ ఒకే గిన్నెలో ఉన్నాయి కాబట్టి నీటి అవసరం తగ్గిపోయింది.

మల్లేశ్వరం మాస్టారు

సరిగ్గా పట్టుకున్నారు. గాఢత మరీ తగ్గిపోనంతవరకు ఆ మాట చెల్లుతుంది. ఇక్కడ పిల్లలు కూడా చదువుతున్నారు కాబట్టి ఒక హెచ్చరిక. సయనైడ్ లవణాలు కాగితం మీది లెక్కలకే పరిమితం. ఫ్లోరైడ్లు కూడా ఇంట్లో ముట్టదగినవి కావు.

జయనగర విద్యార్థి

నిన్న మా కళాశాల ప్రయోగశాలలో మేడమ్ అనుమతి తీసుకొని కొలిచాను. మీటరును 7.00, 9.18 బఫర్లతో సరిచూశాం. ఆ రెండో సీసా మీద బోరాక్స్ అని రాసి ఉండటం చూసి వెలిగారం గుర్తొచ్చి నవ్వుకున్నాను. మరిగించి చల్లార్చిన స్వేదనజలంతో 0.1 మోలార్ సోడియం అసిటేట్ చేస్తే 8.8, సోడియం బైకార్బనేట్ చేస్తే 8.3 వచ్చాయి. అసిటేట్ సీసా మీద మూడు నీటి అణువులతో కూడిన స్ఫటికం అని ఉన్న సంగతి మొదట గమనించలేదు. 1.36 గ్రాములకు బదులు 0.82 గ్రాములు తూచి, మేడమ్ చెప్పాక మళ్ళీ చేశాను. తరువాత రెండింటినీ వంద రెట్లు పలుచన చేస్తే బైకార్బనేట్ పైనే ఉంది, అసిటేట్ ఎనిమిది కిందికి దిగింది.

కాగితం మీద లెక్కనూ, ఈ కొలతలనూ మా సార్‌కు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, జవాబు పత్రాన్ని సవరిస్తామన్నారు. ప్రశ్నలో ద్రావణం పీహెచ్ అని కాక అయాన్ క్షారబలం అని అడిగి ఉండాల్సిందని కూడా అన్నారు.

చిక్‌పేట మామగారూ, మీ వాసన ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. నేను ప్రయత్నిస్తాను, తప్పయితే మాస్టారు దిద్దుతారు. ఆ అరలో నవాసాగరం పక్కనే చాకలి సోడా ఉందా?

చిక్‌పేట పచారీ

ఉంది బాబూ. పైఅరలో సోడా సంచి, దాని కిందే నవాసాగరం డబ్బా. డబ్బా మూత సరిగ్గా పట్టదు, సంచికి చిన్న చిరుగు కూడా ఉంది.

జయనగర విద్యార్థి

అయితే సోడా పొడి రాలి నవాసాగరంలో పడుతోంది. వానాకాలపు తేమకు రెండూ కొంచెం కరిగి కలుస్తున్నాయి. అమ్మోనియం అయాన్ పీకేఏ 9.25, బైకార్బనేట్ పీకేఏ 10.33. అంటే ప్రోటాన్‌ను పట్టుకోవడంలో కార్బనేట్ అమ్మోనియా కంటే గట్టిది. అది అమ్మోనియం దగ్గరి ప్రోటాన్‌ను లాక్కుంటే మిగిలిన అమ్మోనియా వాయువుగా బయటికి వస్తుంది. మీకు తగిలే ఘాటు అదే. నవాసాగరం పక్కన వంట సోడా ఉంటే ఇంత వాసన రాదు, ఎందుకంటే అక్కడ పోల్చవలసింది 6.35ను. అది 9.25 కంటే బాగా కింద ఉంది.

మల్లేశ్వరం మాస్టారు

దిద్దవలసింది ఏమీ లేదు.

చిక్‌పేట పచారీ

తాడిని తన్నేవాడు ఒకడుంటే వాడి తలను తన్నేవాడు ఇంకొకడన్నట్లు ఉంది మా అర. సోడా సంచిని ఈ పొద్దే గోడౌనుకు పంపాను. నవాసాగరం డబ్బాకు కొత్త మూత వేయించి సురేకారం పక్కన పెట్టాను. దానితో తగాదా ఉండదనుకుంటాను.

జయనగర విద్యార్థి

ఉండదు మామగారూ. అది ఎటూ మొగ్గదు.